గృహవిజ్ఞానము: పగడమునకు పథ్యము



పగడమనగానే మనకు మెడలోని పూస జ్ఞప్తికి వచ్చును. ఆ యెఱ్ఱపూస మధ్యధరాసముద్రమున పుట్టు వేఱొక జాతి. మేమిప్పుడు చెప్పబోవునవి రాతిపగడములు. ఇవి ఱాళ్లవలె కనుపించినను ప్రాణులే. సన్నని మాంసపుపొర క్రింద సున్నపుటెముకను తామే కట్టుకొనును. ఆ పొరలో కంటికానని నాచు కాపురముండి, వెలుతురు సాయమున ఆహారము సిద్ధపఱచి పగడమునకు పెట్టుచుండును.

గడచిన ఆశ్వయుజమున విజయనగరమునుండి మా చెల్లెలి కుమార్తె కబురంపెను: “దొడ్డమ్మా! తొట్టిలోని కొమ్మపగడము తెల్లబడుచున్నది. ఒక్కమారు వచ్చి చూడవా?” అది విదేశమున పెంపకముచేయబడి తగిన పత్రములతో వచ్చినది. మన సముద్రములలోని రాతిపగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలో నున్నవి. వానిని తీయుటయు, అమ్ముటయు నేరము.

కారణము వెదకగా దోషము మాదేయని తేలినది. “అంగడియుప్పు కలిపిన నీరేల? భీమునిపట్టణపు కడలినీరే దానికి తల్లిపాలు” అని యుపదేశించినది మేమే. వానలు వెలసిన పిమ్మట తెచ్చిన ఆ నీటినే వారు పలుమార్లు మార్చిరి. కొలిచి చూడగా తొట్టిలో వేయిపాళ్లకు 28 పాళ్ల యుప్పే కలదు. కావలసినది 35. భీమిలియొద్ద గోస్తని సముద్రమున కలియును. అంతేకాక, వర్షాకాలము ముగియువేళ గంగాబ్రహ్మపుత్రల మంచినీరు తీరము వెంబడి మనవైపునకు దిగివచ్చును. ఈ మంచినీటివలనను, ఏళ్లు తెచ్చు ఒండ్రువలనను మన తీరమున గొప్ప పగడపుదిబ్బలు పెరుగలేదు. దక్షిణమున మన్నారు సింధుశాఖలో 21 దీవులచుట్టు పెరిగినవి.

తెలుపు రెండు విధములని గుర్తింపవలెను. నాచు విడిచిపోయి, గాజువంటి పొర మాత్రము నిలిచియున్నచో పగడమింకను బ్రదికియున్నదే. దానికి వెలుతురు తగ్గించి, నీటివేడిని 25 మొదలు 27 డిగ్రీలలో నిలిపినచో కొన్ని వారములకో నెలలకో రంగు తిరిగి రావచ్చును. పొరయే యూడి యెముక బయల్పడినచో ఆ భాగము మరల రాదు. మా పగడమున కొనలు వెలిసినవి, మొదలు ఊడుచున్నది.

ఉప్పు తక్కువయని ఒక్కమారే గుమ్మరింపబోయిన మా చేతిని పిల్ల పట్టుకొని, “దొడ్డమ్మా! ఇది పులుసు కాదు!” అనెను. నిజమే. దినమునకొక పాలు చొప్పున ఏడుదినములు పెంచితిమి. తొట్టినీరు ఆవిరియగునప్పుడు ఉప్పు లోపలనే నిలుచును గాన, సాధారణముగా శుద్ధమైన మంచినీరే చేర్చవలెను. ఆ వారము మాత్రము ఆవిరియైనంత యుప్పునీరు పోసితిమి.

మొదటినుండి పైకి ప్రాకుచున్న తెగులు ఆగలేదు. అందుచే తెలుపుగీతకు పైన, ఆరోగ్యముగానున్న భాగమున ఐదు కొమ్మలను త్రుంచి, సయనోఅక్రిలేట్ అను శీఘ్రపుజిగురుతో చిన్నఱాళ్లకు అంటించితిమి. వెలుతురు తక్కువయై, నీరు కదలుచున్నచోట నుంచి, ముట్టక విడిచితిమి. తల్లిమొక్క దక్కలేదు. రెండు కొమ్మలు పోయినవి. మూడింటి మొదళ్లయందు సంక్రాంతినాటికి క్రొత్తపొర ఱాతిపైకి ప్రాకినది.

తొట్టిగల సోదరీమణులు ఒక పుస్తకమున ఉప్పు, వేడి, క్షారగుణము, సున్నము అను నాలుగింటిని వ్రాసికొనుచుండవలెను. క్షారగుణము జర్మనుమానమున 8, 9 డిగ్రీలును, కాల్షియము లీటరుకు 400 మొదలు 450 మిల్లీగ్రాములును చాలును. వేసవిలో నీటిపై పంకా విసరినచో వేడి తగ్గును. బ్యాటరీతో నడచు గాలిపంపు ఒకటి యింట నుండవలెను. 2018 అక్టోబరు 11న పలాసచెంత తిత్లీ తుపాను తీరము దాటినపిమ్మట శ్రీకాకుళపు పల్లెలు ఎన్నిదినములు చీకటిలోనుండెనో మఱవరాదు. నీరు కదలని తొట్టిలో ప్రాణవాయువు త్వరలో తఱుగును.

ఒకనాటికి ఒక్క మార్పే చేయుడు. దాని ఫలము చూచిన పిమ్మటనే రెండవది. రోగియింట తలకొకమందు చెప్పు చుట్టములవలన కలుగు కీడు మనకు తెలియనిది కాదు. ఈమారు ఆ చుట్టము మేమే యైతిమి. కొలిచి చూడక ఉపదేశము చేయరాదని మూడు చిన్నకొమ్మలు మాకు నేర్పినవి.