ఆటగాడి అంకె ఎలా పెరుగుతుంది?

పిల్లలూ! పరీక్షలో 40 మార్కులు వచ్చిన అబ్బాయి ఎప్పటికీ 40 మార్కులవాడేనా? ఈ ప్రశ్నకు ఒక ఆటలో జవాబున్నది.

మనకు క్రికెట్ ఎలాగో అమెరికావారికి బేస్‌బాల్ అలాగ. 1999లో మార్కుస్ హైన్‌సోన్ అనే జర్మనీ దేశస్థుడు ఆ ఆటను కంప్యూటరులోకి తెచ్చి, దానికి "ఔట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్" అని పేరు పెట్టాడు. ఇందులో మనం బ్యాటు పట్టనక్కరలేదు. ఎవరిని జట్టులో చేర్చుకోవాలో, ఎవరిని ఆడించాలో నిర్ణయించటమే మన పని. దూరదూరాన ఉన్నవారు కూడా ఇంటర్నెట్ ద్వారా తలా ఒక జట్టును నడుపుతూ పోటీ పడవచ్చు.

ఇందులో ప్రతి ఆటగాడికీ రెండు రకాల అంకెలుంటాయి. ఒకటి ఈనాటి సామర్థ్యం. రెండవది, ముందుముందు ఎంతవరకు ఎదగగలడన్న అంచనా. వీటిని 20 మొదలు 80 వరకు చూపే పద్ధతి ఉన్నది. నిజమైన బేస్‌బాల్‌లో కొత్త ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు వాడే లెక్క కూడా ఇదే. 50 అంటే పెద్ద పోటీలలో ఆడేవారి సగటు.

ఒక కుర్రవాడి అంకె ఇవాళ 30, అంచనా 60 అనుకుందాం. ఆ 30 దానంతట అదే 60 కాదు. వాడికి ఆడే అవకాశం దొరకాలి. బెంచీ మీద కూర్చోబెడితే ఎదగడు. మంచి శిక్షకుడు కావాలి. శక్తికి తగిన పోటీలో ఆడాలి. మూడవ తరగతి పిల్లవాణ్ణి పదవ తరగతిలో కూర్చోబెడితే ఏమవుతుంది? తొందరపడి పెద్ద పోటీలో దింపినా అంతే! కష్టపడే స్వభావం కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద దెబ్బ తగిలితే అంకె పడిపోవచ్చు. 30 ఏళ్ళు దాటాక మెల్లగా తగ్గటం మామూలే. వీటికితోడు, పాచికలు వేసినట్టు, కొంత అదృష్టం కూడా ఉంటుంది.

తమాషా ఏమంటే, అంచనా వేసే స్కౌటు కూడా పొరబడవచ్చు. 60 అన్నవాడు 40 దగ్గరే ఆగిపోవచ్చు. ఎవరూ పట్టించుకోనివాడు మేటి కావచ్చు.

"ఇదంతా కంప్యూటరు కల్పనే కదా!" అంటారా? అయితే మైక్ పియాజా సంగతి వినండి. 1988లో అమెరికా జట్లు కొత్తవారిని వరుసగా ఎంచుకున్నప్పుడు అతని వంతు 62వ విడతలో, 1390వ పేరుగా వచ్చింది! అదైనా, లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు మేనేజరు టామీ లసోర్డా అతని తండ్రికి స్నేహితుడు కావటంచేత జరిగింది. పియాజా నిరుత్సాహపడక, డొమినికన్ రిపబ్లిక్‌కు వెళ్ళి, బ్యాటు పట్టినవాడి వెనక నిలిచి బంతి పట్టే క్యాచర్ విద్య నేర్చుకున్నాడు. 1993లో ఉత్తమ కొత్త ఆటగాడన్న బహుమానం పొందాడు. 2016లో బేస్‌బాల్ మహామహుల సరసన, హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అతనికి చోటు దొరికింది.

ఈసారి మార్కుల కాగితం ఇంటికి తెచ్చినప్పుడు అమ్మకూ నాన్నకూ ఈ సంగతి చెప్పండి. చెప్పి ఊరుకోక, తక్కువ మార్కులొచ్చిన పాఠాన్ని రోజూ అరగంట చదవండి. బెంచీ మీద కూర్చున్నవాడి అంకె పెరగదు కదూ!