కరువైంది పనితనం కాదు

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అని ఒక కంప్యూటర్ ఆట ఉంది. కొండ తొలిచి ఊరు కట్టుకునే మరుగుజ్జుల కథ. అందులో ఒక మరుగుజ్జుని ఆయుధాలు చేసే కమ్మరిగా తయారుచేయాలంటే ఒకటే దారి: చేయించడం. రాగి కడ్డీలిచ్చి కొలిమి దగ్గర కూర్చోబెట్టి, ఎవరికీ అక్కర్లేని కత్తులు వందల కొద్దీ చేయించాలి. ఒక్కో కత్తికి ఇంత అని అనుభవం జమ అవుతూ పోతుంది. మొదట్లో సుత్తి పట్టడం కూడా సరిగా రానివాడు మెట్టుమెట్టుగా ఎక్కి, చివరికి కథల్లో చెప్పుకునే స్థాయి పనివాడవుతాడు. ఆ చెత్త కత్తులన్నీ మళ్ళీ కరిగించి, తరుగు పోను మిగిలిన రాగితో మళ్ళీ కత్తులు. తార్నాకలో మా ఇంటి పై వాటాలో ఉండే యూనివర్సిటీ కుర్రాళ్ళు ఈ తతంగమంతా నాకు చూపించారు. 2006లో మొదటిసారి విడుదలై, 2012లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం సేకరణలోకి చేరిన ఆట ఇది. కాబట్టి సాహిత్య పత్రికలో ఆటల గొడవేమిటని ముక్కు విరిచేవాళ్ళు కాస్త ఆగాలి.

ఆ మధ్య క్యాంపస్‌లో ఒక సభకి వెళ్ళాను. ఒక పెద్దాయన రెండు మాటలు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. ఇప్పటి పిల్లలు ఫోన్లలో బొమ్మకత్తులు తిప్పుతూ పాడైపోతున్నారన్నది ఒకటి. మన తెలంగాణ ఉక్కు తయారీ రహస్యం తండ్రి కొడుక్కి చెప్పక, గురువు శిష్యుడికి నేర్పక అంతరించిపోయిందన్నది రెండోది. మొదటిదాన్ని వదిలేద్దాం, ప్రతి తరమూ తర్వాతి తరం గురించి అనే మాటే. రెండోది అబద్ధం. పైగా అది ఒట్టి సభల్లో చెప్పే అబద్ధంగా మిగలడం లేదు, ప్రభుత్వ పథకాల దాకా పోతోంది.

నిజామాబాద్ జిల్లాలో, కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరుంది. మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు చూడండి. లాంబ్టన్ సర్వే బృందంలో డాక్టరుగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన వాయిసీ అనే ఆయన ఆ ఊళ్ళో ఉక్కు చేసే తీరుని రాసిపెట్టాడు. ఆయన 1824లోనే పోయాడు, ఆ రాత కలకత్తాలో 1832లో అచ్చయింది. ఆయన చూసింది రహస్యం కాదు. పరాయి దేశపు డాక్టరు నిలబడి చూసి రాసుకోగలిగినంత బాహాటంగా జరుగుతున్న పని. రెండు వేరువేరు చోట్ల దొరికే ఇనుముని పాళ్ళు తప్పకుండా కలిపి, మట్టిమూసల్లో పెట్టి, మూత బిగించి, బొగ్గు మంటలో గంటల తరబడి కరగబెట్టి, మెల్లగా చల్లారనివ్వడం. ఆ పని దగ్గర ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు దగ్గరుండి సరుకు చేయించుకుంటున్నాడు. అంతకు నూట యాభై ఏళ్ళ ముందే టావెర్నియే, పర్షియాలో నీటివాలు చారల కత్తులకి పనికొచ్చే ఉక్కు గోలకొండ రాజ్యం నుంచి వెళ్తుందని రాశాడు.

అంటే కోనసముద్రం ఉక్కులో ఎవరెవరున్నారు? గని తవ్వినవాడు, ఇసక కడిగినవాడు, అడవిలో కట్టె కాల్చి బొగ్గు చేసినవాడు, మట్టిలో ఊక కలిపి మూస చేసినవాడు, తిత్తులు ఊదినవాడు, వేల మైళ్ళ అవతల నుంచి డబ్బు సంచితో వచ్చినవాడు. వీళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా కమ్మరి చేతిలోని విద్య చేతిలోనే ఉండిపోతుంది. దక్షిణాదిలో మరికొన్ని చోట్ల మూసలో తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకులు వేసేవాళ్ళని కూడా అప్పటి రాతల్లో ఉంది. మన పెద్దమనుషులకి తంగేడు అనగానే బతుకమ్మ గుర్తొస్తుంది, కొలిమి గుర్తురాదు.

రహస్యం కథని ఎక్కువగా దెబ్బతీసింది అమెరికాలో ఇద్దరు. ఒకరు వెర్హోవెన్ అనే లోహశాస్త్ర ప్రొఫెసర్, ఇంకొకరు పెండ్రే అనే కమ్మరి. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసి, పాత డమాస్కస్ కత్తుల మీది చారలని మళ్ళీ రప్పించారు. 1998లో వాళ్ళు అచ్చువేసిన వాదన ఏమిటంటే, ఆ చారలకి కారణం ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వనాడియం లాంటి మలినాలు. ఆ ఖనిజం దొరకడం ఆగిపోతే, అదే కమ్మరి, అదే సుత్తి, అదే ఒడుపు ఉన్నా చార రాదు. కొడుక్కి తండ్రి అంతా నేర్పి ఉండొచ్చు. కొడుకు అంతా నేర్చుకుని ఉండొచ్చు. వాళ్ళ చేతికొచ్చే రాయి మారిపోయింది. ఈ వాదనతో పేచీ పడే శాస్త్రవేత్తలు ఉండొచ్చు గానీ, సభలో చప్పట్లు కొట్టించుకున్న కథకంటే ఇది నూరు రెట్లు మర్యాదైనది. కమ్మరిని పిసినారి గురువుని చేయదు.

(అన్నట్టు, 1819లో మన ఉక్కుని లండన్‌లో పరీక్షకి పెట్టిన మైకేల్ ఫారడే ఒక కమ్మరి కొడుకు. తండ్రి విద్య కొడుకు దగ్గర ఇంకో రూపంలో బయటపడింది. దాన్ని ఎవరూ అంతరించడం అనరు.)

మిగతా కథ అందరికీ తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాదులో ఫిరంగులు పోసే కార్ఖానా పెట్టాడు. ఇవాళ మనం గన్‌ఫౌండ్రీ అని బస్సు దిగే చోటు అదే. యుద్ధం కత్తి నుంచి ఫిరంగికి మారింది. 1856లో బెసెమర్ పద్ధతి వచ్చి ఉక్కు టన్నుల లెక్కన చవకైంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలొచ్చింది, ఆ చవక సరుకు ఇంటి గుమ్మం దాకా వచ్చింది. అడవికి కంచె పడ్డాక బొగ్గు కాల్చడం నేరమైంది. ఇన్ని జరిగితే, మన వక్త గారికి కనిపించింది మాత్రం కొడుక్కి విద్య చెప్పని తండ్రి.

ఇప్పుడు మళ్ళీ ఆటకొస్తాను. పై వాటా కుర్రాళ్ళు నాకు చూపించిన దాంట్లో నన్ను ఆశ్చర్యపరిచింది వందల కత్తులు కాదు. బొగ్గు. ఒక్క కత్తి కొట్టాలన్నా కొలిమికి బొగ్గు కావాలి, లేదా లావా దాకా తవ్వుకుపోవాలి. ఉక్కు కావాలంటే ఇనుము, సున్నపురాయి లాంటి రాయి, మళ్ళీ బొగ్గు, మళ్ళీ మళ్ళీ బొగ్గు. చెట్లు అయిపోతే మీ మహాశిల్పి చేతులు ముడుచుకుని కూర్చుంటాడు. అలా ఎక్కువ రోజులు కూర్చుంటే అతని విద్యకి తుప్పు పడుతుంది. ఆటలో వాడే మాటే అది, తుప్పు. బాగా చేసిన వస్తువు ధ్వంసమైతే చేసినవాడు దిగులుపడతాడు కూడా. అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు ఇంట్లో కూర్చుని రాసిన ఆటకి ఈ సంగతి తెలిసింది. మా సభకి తెలియలేదు.

ప్రభుత్వానికి తెలిసిందా? 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, విడిగా ఆయుధాలు చేసేవాడూ ఉన్నాడు. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, కావాలంటే పదిహేను రోజుల పై శిక్షణ, శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000, ఆపైన రెండు విడతల్లో 3 లక్షల దాకా అయిదు శాతం వడ్డీకి అప్పు. మార్కెటింగ్ సాయం అనే మాట కూడా ఉంది, లేదనను. డబ్బు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను, ఇంకా ఇవ్వాలంటాను. నా తగాదా ఆ వరస మీద. ముందు శిక్షణ, తర్వాత పనిముట్లు, తర్వాత అప్పు, చివర్లో ఎక్కడో కొనేవాడు. నలభై ఏళ్ళుగా సుత్తి కొడుతున్నవాడిని బెంచీ మీద కూర్చోబెట్టి, గంటలు లెక్కపెట్టి, సర్టిఫికెట్ ఇవ్వడం. ఆటలోని రాగి కత్తుల లెక్కే ఇది, బొగ్గు ఒక్కటి తీసేశారు.

లాలాపేట వైపు రోడ్డు పక్కన మేస్త్రీల ఉలులు, గడ్డపారలు సాగగొట్టే ఒకాయన ఉన్నాడు. తిత్తి బదులు చిన్న కరెంటు ఫ్యాను. ఈ రకం శిక్షణకే పోయొచ్చాడు. ఏం నేర్పిన్రు అన్నా, అని అడిగాను.

"సంతకాలు వెట్టుడు నేర్పిన్రు సార్. అయినా మంచిగనే ఉండె. దినాం ఐదునూర్లు, కూసునేదే పని."

"మరి లోను?"

"లోను దీస్కొని ఏం జెయ్యాలె సార్? బొగ్గు బస్తా ధర మీకెర్కేనా? గడ్డపార కొత్తది ఆన్‌లైన్ల నా కూలికంటే తక్కువకొస్తది. నేను జేస్త, ఎవలు గొంటరు?"

ఆయన అడిగిన ఆ రెండు ప్రశ్నలకి శిక్షణా కేంద్రంలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. మన ఊళ్ళలో మున్సిపాలిటీలు, పంచాయతీలు, నీటిపారుదల శాఖలు పారలు, గడ్డపారలు, కొడవళ్ళు కొంటూనే ఉంటాయి కదా. ఎవరి దగ్గర కొంటున్నారు? అందులో పదో వంతు కొలిమి మీద చేసినవే కొంటామని ఒక ఉత్తర్వు వస్తే, ఎవరికీ ఒక్క రోజు శిక్షణ అక్కర్లేదు. బొగ్గు మీద రాయితీ ఇస్తే అసలే అక్కర్లేదు.

ఆట మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. అందులో పనితనం ఒక అంకె, ఎవరి పేరు ముందైనా చేరుతుంది. రైతుని కమ్మరి చేయడం ఒక్క క్లిక్కు. ఇది అబద్ధమని నేనంటే, పై వాటాలో ఎం.ఏ. చదివే కుర్రాడు ఒప్పుకోలేదు. "అదే బాగుంది సార్, ఎవడి కొడుకో అడగదు" అన్నాడు. వాళ్ళ తాత కమ్మరి. కర్రు కాల్చినందుకు కళ్ళంలో కొలిచిపోసే గింజల కోసం రైతు వాకిట్లో నిలబడిన మనిషి. ఆ కుర్రాడి మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉండాలని కూడా అనుకోను. అంతరించిన విద్య కోసం కన్నీళ్ళు పెట్టుకునే సభల్లో, ఆ విద్య ఏ కులం మెడకి కట్టి ఉందో, ఆ గింజలు ఎన్ని సోలలో ఎవరూ చెప్పరు. ఆ కుర్రాడు కమ్మరి కావాలని నేను కోరుకోను. లాలాపేట అన్న మాత్రం రేపు పొద్దున కొలిమి రాజేయడానికి బొగ్గు కొనుక్కోగలగాలి.

ఉక్కు మీద వచ్చే ఏడాది మళ్ళీ సభ పెడతారట. వక్తలకి ఇచ్చే శాలువాల ఖర్చులో నాలుగు బస్తాల బొగ్గు వస్తుంది. ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద కొలిమి పెట్టించి, ఆయన్ని పిలిచి, ఆ రోజు కూలి లెక్కకట్టి ఇచ్చి, చేసినవన్నీ అక్కడే కొనమనండి. నేను రెండు కొడవళ్ళకి ఇప్పుడే చెప్పిపెడుతున్నాను.