మంచు చూడటానికి లంబసింగి దాకా ఎందుకు?

డిసెంబరు వచ్చిందంటే బడుల్లో విహారయాత్రల మాట మొదలవుతుంది. కొన్నేళ్ళుగా పిల్లల నోట ఎక్కువగా వినిపించే పేరు లంబసింగి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి దగ్గర, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. "అక్కడ మంచు కురుస్తుందట, మాస్టారూ!" అంటారు. బస్సు ఖర్చు పెట్టుకోగలిగినవాళ్ళు వెళ్ళి వస్తారు. కూలికి పోయే ఇళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉండిపోతారు. ఈ పద్ధతి నాకు నచ్చదు. మంచును గురించి తెలుసుకోవడానికి మా కీసర పిల్లలు తెల్లవారుజామున మున్నేటి వైపు డొంకలో అరగంట నడిస్తే చాలునని నా అభిప్రాయం.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. తెలుగులో మంచు అనే ఒక్క మాటతో నాలుగు వేరువేరు వాటిని పిలుస్తున్నాం. గడ్డిపరక మీద మెరిసే బొట్టు మంచే. దారి కనపడకుండా కమ్మే తెర మంచే. చలి బాగా ముదిరిన చోట ఆకుల మీద ఉప్పు చల్లినట్లు పేరుకునేదీ మంచే. హిమాలయాల మీద దూదిపింజల్లా రాలేదీ మంచే. మొదటిది తుషారం, రెండోది పొగమంచు. ఈ రెండూ నీటిబిందువులే. తరువాతి రెండూ స్ఫటికాలు. లంబసింగిలో మనవాళ్ళు చూసి వచ్చేది ఎక్కువగా రెండోది, ఎప్పుడైనా మూడోది. నాలుగోదాని మీద అడుగుజాడలు వేస్తూ నడవాలంటే హిమాలయాల దాకా పోవలసిందే.

అలాగని మన ఆకాశంలో మంచు స్ఫటికాలు లేవనుకోకండి. ఎత్తుగా లేచిన వానమబ్బుల పైభాగాన అవి ఉంటాయి. దిగివచ్చే దారిలో కరిగి చినుకులవుతాయి. తమాషా ఏమిటంటే, మా మెట్టప్రాంతంలో గడ్డకట్టిన నీరు ఆకాశం నుంచి పడేది చలికాలంలో కాదు, ఎండాకాలంలో! వాటినే మనం వడగళ్ళు అంటాం.

ఇక డొంకలో నడుద్దాం. ఏటి వైపు దిగేకొద్దీ చలి ఎక్కువవుతుంది. చల్లని గాలి బరువైనది కనుక పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. పొగమంచు కూడా అక్కడే చిక్కగా ఉంటుంది. ఆరుబయట గడ్డి తడిసి ఉంటుంది, చింతచెట్టు కింద గడ్డి పొడిగా ఉంటుంది. ఇది చూసి, మంచు పైనుంచి పడుతుంటే చెట్టు అడ్డుకుందని మీరు అనుకుంటారు. పెద్దపెద్ద పండితులు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు.

ఆ అనుమానాన్ని తీర్చినవాడు విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు. లండన్ నగరం బయట ఒక తోటలో రాత్రిళ్ళు మేలుకుని ప్రయోగాలు చేసి, 1814లో తుషారం మీద ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన పరికరాలు ఏమిటో తెలుసా? ఉన్ని, అట్ట, చెక్కపలక, త్రాసు! సమానమైన బరువున్న ఉన్ని ముద్దలు తీసుకుని, ఒకదాన్ని ఆరుబయట ఉంచాడు. మరొకదాని చుట్టూ కాల్చిన మట్టిగొట్టాన్ని నిలువుగా నిలబెట్టాడు. గొట్టానికి పైన మూత లేదు. మంచు వానలా కురిసేదైతే రెండూ ఒకేలా తడవాలి కదా? గొట్టంలోనిది చాలా తక్కువ తడిసింది.

కారణం ఇది. గడ్డి, ఉన్ని, నేల రాత్రంతా తమ వేడిని ఆకాశంలోకి వదులుతూ చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువగా చల్లబడతాయి. వాటిని తాకిన గాలిలోని ఆవిరి అక్కడే నీరవుతుంది. గొట్టం గోడలు ఆకాశంలో చాలా భాగాన్ని మరుగు చేశాయి కనుక లోపలి ఉన్ని అంతగా చల్లబడలేదు. చింతచెట్టు చేసే పనీ ఇదే.

మనకు ఉన్ని ఎందుకు? చేలల్లో పత్తి ఉంది. పది గ్రాముల చొప్పున రెండు ముద్దలు, పాత కేలండరు అట్ట, బడిలోని త్రాసు సరిపోతాయి. ఇది పరీక్షల కోసం చెబుతున్నది కాదు. కొనుగోలు కేంద్రంలో పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే అసలు కొనరు. మంచు ఆరకముందే పత్తి తీస్తే ఎంత నష్టమో ఇంట్లో లెక్క వేసి చెప్పగల పిల్లవాడు నాకు కావాలి. సాంద్రీకరణం నిర్వచనాన్ని గైడులో చూసి అప్పజెప్పేవాడితో నాకు తృప్తి లేదు.

పిల్లలకు జలుబు చేస్తుందని తల్లులు భయపడతారు. జలుబు తెచ్చేవి వైరస్‌లు, మంచు కాదు. ఉబ్బసం ఉన్న పిల్లలను మాత్రం చలిలో తిప్పకూడదు. అంతకంటే పెద్ద భయం మా ఊరి పక్కనే ఉన్న హైదరాబాదు రహదారి. కిలోమీటరు లోపు కూడా కనపడని స్థితినే పొగమంచు అంటారు. చిక్కబడితే పది బారల దూరంలోని లారీ కూడా కనపడదు. కనుక రహదారి వైపు వద్దు, డొంకలోనే నడవాలి. వెంట ఉపాధ్యాయుడు ఉండాలి.

గాలి లేని, మబ్బు లేని రాత్రి చూసి పత్తి పెట్టండి. మబ్బు కమ్మిన రాత్రి మరునాడు పత్తి దాదాపు పొడిగానే ఉంటుంది. ఆ రోజు కూడా వెళ్ళి తూచి, ఎంత వచ్చిందో నోటుబుక్కులో రాయండి.