పిల్లల తరగతి... ఖర్చు లేదు!

మొన్న ఉగాది వెళ్ళిన ఆదివారం మా కాలనీ గుడి వార్షిక సభ జరిగింది. కార్యదర్శిగారు గొంతు సవరించుకుని జమాఖర్చులు చదివారు. షామియానాకి ఇంత, మైకుసెట్టుకి ఇంత, పూలవాడికి ఇంత, వంటవాళ్ళకి ఇంత, అర్చకస్వామి సంభావన ఇంత, పొరుగూరి నుంచి వచ్చిన ప్రవచనకర్తగారికి రానూపోనూ ఛార్జీలతో సహా ఇంత. ఆఖర్న కళ్ళజోడు పైకి తోసుకుని, "పిల్లల ఆదివారం తరగతి... ఖర్చు లేదు" అని కాగితం మడిచేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. 22 ఏళ్ళుగా కొడుతూనే ఉన్నాను కదా, చేతులకి అలవాటైపోయింది.

ఇంటికొచ్చి కాఫీ కలుపుకుంటూంటే అప్పుడు తట్టింది. ఆ 'లేని ఖర్చు' నేనే!

అధ్యక్షులవారు సభలో "అమ్మగారి సేవ వెలకట్టలేనిది" అని శాలువా కూడా కప్పారు. వెలకట్టలేనిది అన్నమాట వేదిక మీద ఎంతో గంభీరంగా ఉంటుంది. అదే మాట జమాఖర్చుల పుస్తకంలోకి దిగేసరికి సున్నా అయిపోతుంది. ఇదేం గారడీయో నాకు బోధపడదు.

"ఆదివారం ఓ గంట పిల్లల చేత నాలుగు శ్లోకాలు చెప్పించడం కూడా ఓ పనేనా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మావారికీ అలాగే అనిపించేది. ఒక ధనుర్మాసం నాకు జ్వరం వచ్చి, ఆయన్ని పంపించేదాకా! 30 రోజులు, 30 పాశురాలు. ఏ రోజు ఎవరు చదవాలి, ఏ రోజు ఎవరింటి ప్రసాదం, తెల్లవారకుండా పిల్లల్ని ఎవరు తీసుకురావాలి, గోదాదేవి వేషం ఎవరి అమ్మాయికి ఇవ్వాలి, ఇవ్వని అమ్మాయి తల్లికి ఏమని నచ్చజెప్పాలి! మూడోనాటికి మావారు దణ్ణం పెట్టి, "నా ఆఫీసే నయమే" అన్నారు.

ఇదంతా పైపని. అసలు పని పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పడం. ఒకనాడు అయిదో తరగతి కుర్రాడు లేచి, "మామ్మగారూ, లక్ష్మణుడు గీసిన గీత రావణుణ్ణి ఆపగలిగితే, మొదటే అడవి చుట్టూ గీసెయ్యొచ్చుగా?" అన్నాడు. ఇంటికొచ్చి వాల్మీకిని ముందేసుకుని కూర్చున్నాను. అరణ్యకాండంతా గాలించినా గీత లేదు. మన రంగనాథ రామాయణంలో కనబడింది. శబరి ఎంగిలి పళ్ళ కథా అంతే, వాల్మీకిలో లేదు. మరి పిల్లలకి 'అబద్ధం' అని చెప్పాలా, 'నోరు మూసుకో' అనాలా? ఒక కథని ఎందరో కవులు ఎన్ని రకాలుగా ప్రేమించారో చెప్పాలి. అలా చెప్పడానికి చదువు కావాలి, ఓర్పు కావాలి. తాతగారు పోయిన వారంలో తరగతికొచ్చిన పిల్ల "తాత ఎక్కడికెళ్ళారు?" అని అడిగితే ఏం చెబుతారు? ఆ జవాబు మైకుసెట్టు చెబుతుందా, షామియానా చెబుతుందా?

రెండేళ్ళ కిందట మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్ళాను. పక్కింటావిడ రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని చర్చికి వెళుతుంటే, అబ్బో, ఎంత భక్తి అనుకున్నాను. భక్తి మాట ఎలా ఉన్నా, ఆవిడ వెళ్ళేది ఉద్యోగానికట! ఆ చర్చిలో మతవిద్య నిర్వాహకురాలు. పిల్లలకి వయసువారీ పాఠాలు తయారుచెయ్యడం, పాఠం చెప్పేవాళ్ళకి తర్ఫీదివ్వడం, కష్టంలో ఉన్న కుటుంబాలని పలకరించడం ఆవిడ పని. ఆవిడకో గది, బల్ల, నెలజీతం. ఆ దేశపు కార్మికశాఖ ఉద్యోగాల పట్టికలో ఈ కొలువుకి 21-2021 అని నంబరు కూడా ఉంది. 1903లోనే షికాగోలో మతవిద్య కోసమని ఒక సంఘం పుట్టింది. అక్కడ ప్రతి చర్చిలోనూ ఇలాగే ఉంటుందని కాదు. ఊరికే చెప్పేవాళ్ళూ బోలెడుమంది. కాని ఇది ఒక పని, దీనికొక పేరుంది, కూలి ఉంది అని ఒప్పుకున్నారు.

అదే ఊళ్ళో మనవాళ్ళ గుడికీ వెళ్ళాను. పిల్లల తరగతుల్లో పాఠాలు చెబుతున్నది ఎవరనుకున్నారు? వారమంతా కంప్యూటర్ల ముందు నడుం వంచిన మన తెలుగు తల్లులే. జీతమా? "అయ్యో ఆంటీ, ఇది సేవ కదా" అన్నారు నవ్వుతూ. సప్తసముద్రాలూ దాటినా మన సున్నా మన వెంటే వచ్చిందన్నమాట!

"దేవుడి విషయంలో డబ్బు మాటేమిటి, అపచారం!" అని కోప్పడేవాళ్ళు ఉన్నారు. అయ్యా, మరి అర్చకస్వామికిచ్చే సంభావన అపచారం కాదే? ప్రవచనకర్తగారి తాంబూలం కింద పెట్టే కవరు అపచారం కాదే? ఆయన వారం రోజులు చెప్పి వెళ్ళిపోతే, పిల్లల సందేహాలు తీర్చేందుకు ఏడాదంతా మిగిలేది నేను. పూర్వం గురువుగారికి కూడా దక్షిణ ఇచ్చే సెలవు తీసుకునేవారు. పుణ్యం ఆడవాళ్ళకీ, పారితోషికం మగవాళ్ళకీ అని పంపకం ఎవరు చేశారో, ఏ శాస్త్రంలో ఉందో చూపించమనండి.

ఇంకో సంగతి వినండి. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి పేదపిల్లలకి ఆదివారం బడి పెట్టించాడు. పాఠం చెప్పినవాళ్ళు ఆడవాళ్ళే. ఆ రోజు పనికి ఒక్కొక్కరి చేతిలో ఒక షిల్లింగు పెట్టాడు. మన జిల్లాల్లోనూ 19వ శతాబ్దంలోనే బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి కథలూ అక్షరాలూ చెప్పేవారు. కొద్దో గొప్పో వాళ్ళకీ మిషనువాళ్ళు జీతమిచ్చారు. అంటే ఇది కొత్తగా నా బుర్రలో పుట్టిన పెంకితనం కాదు.

"ఈ వయసులో మీకెందుకమ్మా డబ్బు?" అంటారు. నిజమే, నాకు పెన్షనుంది. నాకివ్వమని నేనెన్నడూ అడగలేదు. అక్కడే పొరపాటు చేశాను. 68 ఏళ్ళొచ్చాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. నా తరువాత ఎవరని వెతికితే ఒక అమ్మాయి దొరికింది. సంస్కృతం ఎమ్మే. మంచి కంఠం. పిల్లలు ఆవిడ చుట్టూ బెల్లం చుట్టూ చీమల్లా మూగారు. నాలుగు నెలలు చెప్పింది. ఒకరోజు నా దగ్గరకొచ్చి తలవంచుకుని, "పిన్నిగారూ, ఆదివారం కూడా డ్యూటీ ఉండే బట్టల కొట్లో చేరుతున్నానండీ. ఇంటద్దె కట్టాలి" అంది. నేనేమనగలను? ఎంతో కొంత ఇద్దామని కమిటీవారిని అడిగాను. "ఇన్నేళ్ళూ మీరు ఊరికే చెప్పారుగా!" అన్నారు. నా ఉచితసేవే ఆ పిల్ల కూటికి అడ్డుపడింది చూశారా!

ఆ అమ్మాయి ఇప్పుడు చీరలు మడతపెడుతోంది. తరగతి మూతపడి మూడు నెలలయింది. గుడికి మాత్రం ఈ మధ్యనే కొత్త ముఖద్వారం కట్టారు, నల్లరాతితో, మహా అందంగా ఉంది. లోపలికి వచ్చే పిల్లలే లేరు.

అందుకని చెల్లెళ్ళారా, మీకొక విన్నపం. మీది గుడి కావచ్చు, చర్చి కావచ్చు. ఈసారి లెక్కలు చదివేటప్పుడు చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడి, "పిల్లలకి పాఠం చెప్పేవారికి ఎంత రాశారు?" అని అడగండి. అక్కర్లేనివాళ్ళు తీసుకుని హుండీలో వేసుకుంటారు. కావలసినవాళ్ళు అద్దె కట్టుకుంటారు. పద్దంటూ ఒకటి పడాలి.

నేను వచ్చే సభకి వెళుతున్నాను. బీరువాలో 11 శాలువాలున్నాయి, ఒక్కటీ విప్పలేదు. అవన్నీ మూటగట్టి తీసుకెళ్ళి అధ్యక్షులవారి బల్ల మీద పెడతాను. మళ్ళీ ఎవరికైనా కప్పుకోవచ్చు. ఆ మిగిలిన డబ్బుతో పద్దు మొదలెట్టమంటాను.