మెట్ల పక్కన ఒక వాలు

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్ల పొడిగింపు, మెట్ల మరమ్మతు, రోడ్ల వెడల్పు అంటూ పనుల మాట మొదలైంది. 2015 పుష్కరాలకు రాజమహేంద్రవరంలో కోటిలింగాల ఘాటును కిలోమీటరు పైచిలుకు పొడవున మెట్లతో తీర్చిదిద్దారు. స్నానానికి మెట్లు కావాలి, ఎవరూ కాదనరు. అయితే రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా గట్టు వెంట వెళ్ళి ఒక్క సంగతి గమనించండి. తనదైన చిన్న తెరచాప పడవను బండి మీద తెచ్చుకుని, మెల్లగా నీళ్ళలోకి జార్చి, సాయంత్రానికి తిరిగి బండెక్కించుకుపోవడానికి వీలైన చోట్లు ఎన్ని కనిపిస్తాయి? కట్టబోయే ప్రతి పెద్ద ఘాటులోనూ మెట్లు లేని ఒక వాలు వదిలిపెట్టమని అడగడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ తెరచాప పడవలున్నవాళ్ళు ఎందరని ఎవరైనా అడగవచ్చు. బస్టాపు లేని ఊళ్ళో బస్సు కోసం నిలబడేవాళ్ళు ఉండరు. వాళ్ళు కనబడలేదని ఆ ఊరికి బస్సే అక్కర్లేదని ఎవరూ తేల్చెయ్యరు.

పడవను రేవులోనే కట్టి ఉంచుకోక బండి మీద మొయ్యడం దేనికి? గోదావరి స్వభావమే అందుకు జవాబు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికే బ్యారేజీ గుండా 10 లక్షల క్యూసెక్కులు పోతుంటాయి. 2022 జులైలో ఆ లెక్క 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షల దాకా పోయింది. చెట్లనే వేళ్ళతో పెకలించుకుపోయే ప్రవాహంలో కొబ్బరితాడుతో కట్టిన పడవ ఎంతసేపు ఆగుతుంది? జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా ఇక్కడ సొంత పడవ ఉండాల్సింది పెరట్లో, పాక కింద. సముద్రతీరపు మత్స్యకారులకు ఇది కొత్త విద్య కాదు. వేట ముగించి వచ్చాక తెప్ప కట్లు విప్పి, దుంగలను ఇసుక మీదికి లాగి ఆరబెట్టుకోవడం వాళ్ళ తాతల నాటి పద్ధతి. నీళ్ళ మీద పని కాగానే ఒడ్డెక్కే పడవ మన తీరానికి పాతదే. ట్రైలరు దానికి చక్రాలు తగిలించిందంతే.

ఒడ్డెక్కించే పడవకు చాకిరీ తగ్గుతుందనుకుంటే పొరపాటు. ఎక్కువ పని గట్టు మీదే ఉంటుంది. ట్రైలరు చక్రం సంగతే చూడండి. ఎండలో ముప్పై కిలోమీటర్లు పరిగెత్తి వచ్చిన చక్రం కాక మీదుంటుంది. దాన్ని అలాగే నీళ్ళలోకి దించితే హబ్బులో వేడెక్కిన గాలి చప్పున చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీలోకి సీలు సందుల్లోంచి నీళ్ళు చొరబడతాయి. యానాం, అంతర్వేది వైపైతే అవి ఉప్పునీళ్ళు. కొన్నాళ్ళకు బేరింగు గోలీలు తుప్పు పట్టి, పైకి ఏమీ తెలియకుండానే ఒకరోజు నడిరోడ్డు మీద చక్రం బిగుసుకుంటుంది. రేవుకు చేరాక అరగంట ఆగి దించడం, ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగడం, ఏటా గ్రీజు మార్చడం దీనికి మందు. ట్రాక్టరు ట్రక్కులు బాగుచేసే మన ఊరి మెకానిక్కుకు వేరే చదువు అక్కర్లేదు. తెరచాపను గాలి కంటే ఎండ ఎక్కువ తినేస్తుంది, అందుకని దిగగానే చుట్టి కప్పిపెట్టాలి. తడిమీద మడిచి అటక ఎక్కించారో, శ్రావణం తేమకు నల్లటి బూజు చుక్కలు లేస్తాయి. చెక్క పడవైతే పలకల సందులు చూసుకోవాలి. ఉప్పుటేరులో నెలల తరబడి వదిలేస్తే పురుగు దాన్ని లోపల్నుంచి జల్లెడ చేస్తుంది. పొడిగా ఉంచితే ఆ బెడద తప్పుతుంది గానీ, మరీ ఎండిపోయి పలకలు ముడుచుకుంటే మళ్ళీ దూది కూరి గుగ్గిలం పట్టించాలి. ఫైబరు పడవకు ఇంత బాధ లేదు, బోర్లించి పెట్టి వాననీరు నిలవకుండా చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా, దానికి జనం సొమ్ము దేనికని అడిగేవాళ్ళుంటారు. సూటైన ప్రశ్నే. ప్రపంచమంతా పిల్లలు తెరచాప నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ పుట్టుకే దానికి జవాబు చెబుతుంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల నిపుణుడు ప్లైవుడ్ షీటు కొలతకు సరిపడేలా, తక్కువ ఖర్చులో తయారయ్యేలా దాన్ని గీశాడు. పొడవు ఎనిమిది అడుగుల లోపు, ఒట్టి పడవ బరువు 35 కిలోలు. ఇద్దరు మోయగలరు, ట్రాలీ ఆటోలో పడుతుంది. హైదరాబాదులో 2009లో మొదలైన యాట్ క్లబ్ హుస్సేన్‌సాగర్‌లో పేద కుటుంబాల పిల్లలకూ ఈ విద్య నేర్పుతోంది. నాలుగు వైపులా నగరం మూసిన చెరువులో సాగుతున్న పని అఖండ గోదావరిలో సాగదనడానికి కారణం కనబడదు. పైగా తాళ్ళరేవు, కోరంగి ప్రాంతంలో పడవలు కట్టే వడ్రంగులున్నారు. ఓడల నిర్మాణానికి పేరుపడ్డ కోరంగి 1839 తుపాను తర్వాత మళ్ళీ కోలుకోలేదు గాని, పనితనం మాత్రం ఆ చుట్టుపక్కల మిగిలింది. దానికి చిన్న పడవల గిరాకీ తోడైతే చేదా? ట్రాలీ ఆటోలో పట్టని కాస్త పెద్ద పడవలకే చిక్కు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే, రిజిస్ట్రేషను తప్పదు. పడవ ట్రైలర్లకు ఆ తతంగాన్ని సులువు చేస్తే రవాణా శాఖకు పోయేదేమీ లేదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం భద్రత. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు వరదలో మునిగి 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అంతకు ముందు ఏడాదే దేవీపట్నం మండలంలో లాంచీ మునిగింది. ఈ జిల్లాల్లో నది పేరు చెబితే తల్లులు భయపడడం సహజం, దాన్ని పిరికితనమని కొట్టిపారెయ్యలేం. కానీ కచ్చులూరు బోటులో డెబ్బైమందికి పైగా సరంగు చేతిలో ప్రాణాలు పెట్టి కూర్చున్నారు. చిన్న తెరచాప పడవ నేర్పేవాళ్ళు మొదట నేర్పే పాఠాల్లో ఒకటి, కావాలని పడవను బోల్తా కొట్టించి, లైఫ్ జాకెట్టుతో నీళ్ళలో తేలుతూ దాన్ని తిరిగి నిలబెట్టడం. మునక అంటే ఏమిటో ఒంటికి తెలిసినవాడు వరదలో బోటెక్కడానికి అందరికంటే ముందు జంకుతాడు. ఎక్కడపడితే అక్కడ తిరగనివ్వమనడం లేదు. పాపికొండల ఇరుకుల్లోకి వద్దు, బ్యారేజీ గేట్ల దరిదాపులకు వద్దు. కాలువల్లోకీ వద్దనే చెప్పాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఇంజనీరు కాటన్, కాలువలను సాగుకూ పడవలకూ కలిపి ఆలోచించి లాకులు పెట్టించాడు గానీ, ఇప్పుడు వాటి మీద వంతెనలు తక్కువ ఎత్తు, కరెంటు తీగలు ఎక్కువ. తెరచాప కొయ్య అల్యూమినియంది అయితే ఆ తీగ కింద ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరానికి ఎగువన, రాజమహేంద్రవరానికీ కొవ్వూరుకూ మధ్య, నవంబరు నుంచి మే దాకా పరుచుకునే నీళ్ళు చాలు. 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెన పొడవు చూస్తే ఆ వెడల్పు ఎంతో తెలుస్తుంది. ఎండాకాలం సాయంత్రాల్లో అక్కడ దక్షిణపు గాలి కూడా తోడుంటుంది. ఇసుక మేటల భయమా? అడుగు నుంచి నీళ్ళలోకి దిగే మధ్యపలకను పైకి లాగితే ఆప్టిమిస్టుకు జానెడు లోతు కూడా అక్కర్లేదు.

మత్స్యకారుల వైపు నుంచీ ఒక మాట వస్తుంది: వలలేసే చోట వీళ్ళ విహారమేమిటని. ఇంజను లేని పడవకు వలలు కోసే పంకా ఉండదు గానీ, దారి వదలాల్సింది మాత్రం విహారానికి వచ్చినవాడే, బతుకుదెరువు కోసం వచ్చినవాడు కాదు. ఆ వాలు వాళ్ళకూ అక్కరకొస్తుంది, నావను మరమ్మతుకు పైకి లాగాలన్నా, ఇంజను దించాలన్నా. వరదల్లో లంక గ్రామాలకు వెళ్ళాల్సిన రక్షణ దళాల రబ్బరు పడవలూ లారీల మీదే వస్తాయి. నీరు పెరిగేకొద్దీ వాలు మీద నీటి అంచు దానంతటదే పైకి జరుగుతుంది కాబట్టి, ఏ మట్టంలోనైనా అక్కడ పడవ దించవచ్చు. చక్రాల కుర్చీలో వచ్చే భక్తుడికి మెట్ల ఘాటులో నది అందదు, వాలు దగ్గర, పట్టుకునే మనిషి తోడుంటే, కాళ్ళయినా తడుపుకోవచ్చు.

కట్టడం పెద్ద విద్య కాదు. ఏడెనిమిది అడుగుల పొడవుకు అడుగు చొప్పున దిగే కాంక్రీటు చాలు. నున్నగా పూత పూస్తే మాత్రం నాచు పట్టి ట్రాక్టరుతో సహా నదిలోకి జారుతుంది, అందుకని అడ్డంగా గాడులు తియ్యాలి. అది నీటి అంచుతో ఆగిపోకుండా, వేసవిలో మట్టం తగ్గినా చక్రం బురదలో దిగబడనంత దూరం లోపలికి వెళ్ళాలి. పైన, రోడ్డు కలిసే చోట, ఒక గొలుసు, తాళం. పక్కన గోడ మీద కనబడేలా 11.75 అని రాసి ఉంచాలి. ధవళేశ్వరంలో మట్టం ఆ అంకెకు చేరిన రోజున సొంత పడవలకు ఆ గొలుసు పడాలి, రక్షణ దళాలకు తప్ప ఎవరికీ తాళం తియ్యకూడదు.