పల్లీల పొట్లమంత తేలిక... ప్రాణమంత జాగ్రత్త!

పల్లీల పొట్లం చుట్టడం చూశారుగా? బండి దగ్గర పాత పేపరు ముక్క తీసుకుని, ఓ అంచు వేలితో నొక్కిపట్టి గిర్రున తిప్పితే పొట్లం తయారు. దాన్ని బోర్లించి, నలుగురు కూర్చునేంత పెద్దది చేసి, లోపల ఓ చిన్న ఇనప పొయ్యి పెట్టి, పొగగొట్టం బయటికి తీస్తే... అదే ‘హాట్ టెంట్’. వెచ్చని గుడారం అన్నమాట!

అమెరికా, కెనడాల్లో చలికాలం అడవికి వెళ్లి, గడ్డకట్టిన సరస్సుల పక్కన రాత్రిళ్లు గడిపే సరదారాయుళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల చలి మన చలి కాదు. మిన్నెసోటా రాష్ట్రంలోని టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అంత కాకపోయినా ఆ ప్రాంతంలో జనవరి రాత్రి మైనస్ 20 అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మన తెలుగువాళ్లు ఎంతోమంది ఆ రాష్ట్రంలో ఉద్యోగాలు చేస్తున్నారు. ‘ఈ శీతాకాలం పిల్లల్ని తీసుకుని క్యాంపింగ్‌కి వెళ్తున్నాం నాన్నా’ అని మీ అబ్బాయి ఫోన్ చేశాడనుకోండి. ‘అంత చలిలో గుడారంలోనా!’ అని ఇక్కడ మీ గుండె గుభేలుమంటుంది. ఆ గుడారం ఎలా ఉంటుందో, అందులో దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలిస్తే కాస్త నిమ్మళంగా ఉంటుంది కదా!

దుకాణంలో కొంటే ఇలాంటి గుడారానికి వందల డాలర్లవుతాయి. ఒక తాటిపత్రి, దారం, కాస్త ఎనిమిదో తరగతి లెక్కలు చాలు... ఇంట్లోనే కుట్టుకోవచ్చు.

అసలు వారసులు వీళ్లు

శంకువు గుడారం ఈనాటిది కాదు. ఉత్తర అమెరికా మైదానాల్లోని లకోటా, షయాన్, బ్లాక్‌ఫీట్ వంటి మూలవాసుల ఇల్లు అది. పేరు ‘టీపీ’. లకోటా భాషలో ఆ మాటకు ‘వాళ్లు నివసిస్తారు’ అని అర్థం. పొడవాటి పైన్ కర్రల్ని నిలబెట్టి, పై కొసలు కలిపి కట్టి, చుట్టూ అడవిదున్న తోళ్లు కప్పేవారు. లోపల మధ్యలో నెగడు. పైన తోలుతో రెండు ‘చెవులు’ ఉండేవి. గాలి ఎటు వీస్తే ఆ చెవుల్ని దానికి తగ్గట్టు బయటి నుంచి కర్రలతో తిప్పేవారు. దాంతో పొగ లోపల సుడి తిరగకుండా పైకి పోయేది. గోడకు లోపలి వైపు ఇంకో తోలు తెర కట్టేవారు. బయటి చల్లగాలి ఆ రెండింటి మధ్య నుంచి పైకి పాకి పొగను తోసుకుపోయేది. లోపల కూర్చున్నవాళ్ల వీపుకి ఈదర తగిలేది కాదు. టీపీ కుట్టేదీ, నిలబెట్టేదీ, విప్పేదీ ఆడవాళ్లే. ఇల్లు కూడా వాళ్లదే!

పంతొమ్మిదో శతాబ్దం చివరికి తెల్లవాళ్ల వేటకు అడవిదున్నలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కోట్లలో ఉండే మందలు వెయ్యి లోపుకు వచ్చేశాయి. తోళ్లు దొరక్క టీపీలకు కాన్వాస్ గుడ్డ వచ్చింది. అంతకుముందే, ఆ టీపీని చూసి అమెరికా సైన్యంలోని హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ అనే అధికారి ఒంటి నిట్టాడి గుడారం తయారుచేసి 1856లో పేటెంటు పుచ్చుకున్నాడు. దాంతోపాటు శంకువు ఆకారంలో రేకు పొయ్యి కూడా. ఇప్పటి హాట్ టెంట్లు ఒక రకంగా ఆ సిబ్లీ గుడారానికి మనవలు, టీపీకి మునిమనవలు.

గాలికి ఈ ఆకారం బాగా తట్టుకుంటుంది. ఎటువైపు నుంచి వీచినా గాలికి ఎదురుపడే చదును గోడ ఉండదు. పక్కల నుంచి జారిపోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో తాటాకు కప్పిన చుట్టిళ్లు తుపాన్లకు ఓర్చుకున్నదీ చాలావరకు ఈ సూత్రం మీదే.

లెక్క ఇదీ

10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న కాన్వాస్ తాటిపత్రి తీసుకోండి. నేల మీద పరిచి, 20 అడుగుల అంచుకు సరిగ్గా మధ్యలో ఒక మేకు గుర్తు పెట్టండి. అక్కడ 10 అడుగుల తాడు కట్టి, రెండో కొసకు సుద్దముక్క కట్టి గీస్తే అర్ధచంద్రాకారం వస్తుంది. గీత వెంట కత్తిరించేయండి. మధ్య గుర్తు గుడారానికి శిఖరం. అటో 10 అడుగులు, ఇటో 10 అడుగులు ఉన్న తిన్నని అంచులు రెండూ దగ్గరికి వచ్చి తలుపు అవుతాయి. గుండ్రటి అంచు నేలను తాకుతుంది. అంతే!

ఇప్పుడు పిల్లల్ని పిలిచి లెక్క కట్టించండి. గుండ్రటి అంచు పొడవు సుమారు 31 అడుగుల 5 అంగుళాలు. అది వృత్తంగా మారితే వ్యాసం సరిగ్గా 10 అడుగులు. శిఖరం ఎత్తు 8 అడుగుల 8 అంగుళాలు. అర్ధవృత్తం నుంచి చేసిన ఏ శంకువుకైనా ఇదే నిష్పత్తి. గుడ్డ వెడల్పు ఎంతో అడుగున వ్యాసం అంత, ఎత్తు అందులో 87 శాతం. తలుపు దగ్గర అంచులు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ మేరకు కొంచెం తగ్గుతుంది.

లోపల నేల 78 చదరపు అడుగులు. చిన్న పడకగదంత. కానీ మురిసిపోకండి. అయిదున్నర అడుగుల మనిషి తల వంచకుండా నిలబడాలంటే మధ్య నుంచి రెండడుగుల లోపే ఉండాలి. పొయ్యి పెట్టాక ముగ్గురు పడుకుంటే గొప్ప. అయితే ఇందులోనే లాభమూ ఉంది. అంతే నేల, అంతే ఎత్తు ఉన్న నిలువు గోడల గుండ్రటి గదితో పోలిస్తే శంకువులో ఉండే గాలి మూడో వంతే. వేడి చేయాల్సిన గాలి తక్కువ, కాల్చాల్సిన కట్టెలూ తక్కువ!

శిఖరం దగ్గర నాలుగు అంగుళాల మేర గుడ్డ తీసేసి, వాన పడకుండా చిన్న టోపీ కుట్టాలి. అంచు మడతపెట్టి కుట్టి, సుమారు రెండున్నర అడుగులకొకటి చొప్పున 13 ఉచ్చులు వేయాలి. తలుపుకు జిప్పు అయినా సరే, లంగా బొందుల్లాంటి కట్లు అయినా సరే. లోపల 9 అడుగుల నిట్టాడి ఒకటి. దగ్గర్లో చెట్టు కొమ్మ ఉంటే నిట్టాడి కూడా అక్కర్లేదు. శిఖరానికి తాడు కట్టి పైకి లాగితే సరి. మంచులో మామూలు మేకులు నిలవవు. అడుగు పొడవు కర్రలకు తాళ్లు కట్టి, మంచులో పాతి తొక్కితే కాసేపటికి గడ్డకట్టుకుని మనం లాగినా రావు.

గుడ్డ ఎంపికే సగం పని

మన కళ్లాల్లో ధాన్యం ఆరబోసే నీలం పట్టాలు తెలుసుగా? చవకే, కానీ పొయ్యికి పక్కన అవి పనికిరావు. అవి పాలిథిన్‌తో చేసినవి. 130 డిగ్రీలలోపే కరిగిపోతాయి. చిన్న పొయ్యి గొట్టం మంట జోరు మీద 300 డిగ్రీలు దాటగలదు. నైలాన్, పాలిస్టర్ కాస్త నయం. అవి రెండు వందల డిగ్రీలు దాటాకే కరుగుతాయి. అయినా నిప్పురవ్వ పడితే చిల్లే. నూలు కాన్వాస్ బరువెక్కువ, కానీ కరగదు. రవ్వ పడితే మాడి నల్లబడుతుంది. అలాగని అంటుకోదని కాదు సుమా! నిప్పు దగ్గర నమ్మదగిన గుడ్డ లేదు. దూరమే నమ్మదగినది.

అందుకే గొట్టం గుడ్డను తాకకూడదు. గొట్టం బయటికి వెళ్లేచోట గుడ్డను పది అంగుళాల మేర పూర్తిగా కత్తిరించేసి, అక్కడ సిలికాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ ముక్క కుట్టాలి. ఆ ముక్క మధ్యలో గొట్టం పట్టేంత రంధ్రం. ఎక్కడ కుట్టాలన్నదీ లెక్కే చెబుతుంది. గొట్టం గుడారం మధ్య నుంచి రెండున్నర అడుగుల దూరంలో నిటారుగా లేస్తే, 4 అడుగుల 4 అంగుళాల ఎత్తున గోడను చేరుతుంది. పొయ్యికీ గోడకీ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉండాలి. గొట్టం కొస శిఖరం కన్నా ఎత్తులో ఉండాలి. కొసకు రవ్వలను ఆపే జల్లెడ ఉండాలి. అప్పుడే రవ్వలు గుడ్డ మీద పడకుండా గాలికి ఆరిపోతాయి. ఎత్తు పెరిగితే గొట్టం పొగను బాగా లాగుతుంది కూడా.

పొయ్యి పలుచటి ఉక్కు రేకుది, కాళ్లు మడిచేది అయితే మేలు. జింకు పూత పూసిన బకెట్లు, గొట్టాలతో సొంతంగా పొయ్యి చేయకండి. బాగా వేడెక్కితే ఆ పూత నుంచి వచ్చే పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. కొత్త పొయ్యిని మొదటిసారి ఆరుబయటే మండించాలి. మంచు మీద పొయ్యిని నేరుగా పెడితే మంచు కరిగి ఒరిగిపోతుంది. అడుగున పచ్చి దుంగలు పేర్చాలి.

ఇంత తంటా దేనికంటే, వెచ్చగా కూర్చోవడానికే కాదు... తడి ఆరడానికి! చలి అడవిలో నడిచినవాడి మేజోళ్లు చెమటకు తడుస్తాయి. మన ఊపిరిలోని ఆవిరి గుడ్డకు పట్టి మంచవుతుంది. తడిసిన మేజోడు మైనస్ 20లో కాలివేళ్లను తినేస్తుంది. గంటసేపు పొయ్యి మండితే మేజోళ్లు, చేతితొడుగులు, బూట్లు అన్నీ ఆరిపోతాయి. అలవాటైనవాళ్లు శిఖరం కింద తాడు కట్టి దండెంలా ఆరేస్తారు. గొట్టానికి దూరంగా!

వాసన లేని శత్రువు

ఇప్పుడు అసలు సంగతి. హాట్ టెంట్‌లో మంటను అందరూ చూస్తారు, కాబట్టి భయపడతారు. కనిపించనిది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. కట్టె సరిగా మండనప్పుడు, ముఖ్యంగా మంట తగ్గి నిప్పులు మిగిలినప్పుడు ఎక్కువగా పుడుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండటం, తల తిరగడం, మగత... ఇవే లక్షణాలు. ‘చలికి అలసిపోయాం’ అనుకుని పడుకుంటే మళ్లీ లేవరు. ఒకే గుడారంలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే ఆలోచించడానికి కూర్చోకూడదు. అందరూ వెంటనే బయటికి రావాలి. ఆ తర్వాతే వైద్యసాయం సంగతి.

ఇది దూరదేశం కబురు కాదు. 2020 జనవరిలో నేపాల్ విహారానికి వెళ్లిన కేరళ పర్యాటకులు 8 మంది, పిల్లలతో సహా, గదిలో గ్యాస్ హీటర్ వేసుకుని తలుపులు మూసి పడుకుని తెల్లారేసరికి కన్నుమూశారు. ఉత్తరాదిన కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాల వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం.

అందుకే నాలుగు నియమాలు. ఒకటి, పొగగొట్టం లేని నిప్పు... కుంపటి, బొగ్గుల పొయ్యి, గ్యాస్ స్టవ్... ఏదీ గుడారంలో ఉండకూడదు. రెండు, అడుగున మూడు నాలుగు అంగుళాల సందు, పైన శిఖరం దగ్గర రంధ్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి. ‘చలిగాలి వస్తోంది’ అని సందుల్లో మంచు కూరితే ప్రాణవాయువును మూసినట్లే. మూడు, బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. అయితే అలారం ఉందన్న ధైర్యంతో మొదటి రెండూ వదిలేయకూడదు. నాలుగు, పడుకునే ముందు పొయ్యి పూర్తిగా చల్లారాలి. ఈ చిన్న పొయ్యిలు మహా అయితే గంట, రెండు గంటలకు మించి మండవు. రాత్రంతా కావాలంటే ఎవరో ఒకరు మేలుకుని కాపలా కాయాలి. పొయ్యి లేకపోయినా ఆ రాత్రి గడిపే పరుపుసంచి ఎవరికి వారికి ఉండాలి. పొయ్యి సాయంత్రం సుఖానికి, పరుపుసంచి రాత్రి ప్రాణానికి!

మీ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు ‘స్వెట్టరు తీసుకెళ్తున్నావా?’ అని అడిగే ముందు ‘అలారం కొన్నావా? రాత్రి పొయ్యి ఆర్పుతావా?’ అని అడగండి.

మన దగ్గరైతే...

లంబసింగి, అరకు, వంజంగి వెళ్లి అద్దె గుడారాల్లో పడుకునేవాళ్లు ఇప్పుడు బాగా పెరిగారు. అవి పలుచటి నైలాన్ గుడారాలు. అక్కడి చలికి పొయ్యి అక్కర్లేదు, ఆ గుడారాలు దానికి తగవు కూడా. నెగడు బయటే, గుడారానికి బాగా దూరంగా. చలి కాచుకున్నాక నిప్పుల్ని గిన్నెలో ఎత్తుకుని లోపలికి తెచ్చుకునే అలవాటు మాత్రం వద్దే వద్దు. కింద చాప, దాని మీద మందపాటి పరుపు, పైన రెండు దుప్పట్లు. పైన కప్పుకునేది ఎంత ముఖ్యమో కింద పరుచుకునేదీ అంతే. నేల వేడిని లాగేస్తుంది.

ఈ ఆదివారం గుడారం కుట్టకపోయినా ఫర్వాలేదు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాగితం ముక్కతో పిల్లల చేత అర్ధవృత్తం గీయించి, కత్తిరించి, చుట్టించండి. స్కేలు పెట్టి అడుగు వ్యాసం, ఎత్తు కొలిపించండి. 10 సెంటీమీటర్లు, 8.7 సెంటీమీటర్లు వస్తే లెక్క కుదిరినట్లే. ఆ తర్వాత అందులో పల్లీలు పోసిచ్చినా అభ్యంతరం లేదు!