టీవీ ఆపితే కంప్యూటర్ పోయిందనుకున్నాం



పోయిన సమావేశంలో తెలుగు తరగతి కంప్యూటర్ సంగతి వచ్చింది. "ఆ లైనక్స్ గొడవ మనకెందుకు, అది తీసేసి కొత్తది కొనేద్దాం" అని కొందరు పెద్దలు అన్నారు. వాళ్ల విసుగు మాకు అర్థమైంది. వరసగా మూడు ఆదివారాలు పిల్లలు వచ్చి, తెర మీద పాఠం రాక, నల్లబల్ల మీద గుణింతాలు రాసుకుని వెళ్లారు. మన బరంపురంలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. చాలామందికి తెలుగు అక్షరం కంటబడేది ఆ ఆదివారం గంటన్నరలోనే. అందులో మూడు వారాలు పోవడమంటే చిన్న నష్టం కాదు. విసుగు న్యాయమే. కానీ కొత్తది కొనడమే దానికి మందు అంటే మాత్రం మేము ఒప్పుకోలేకపోతున్నాం. ఎందుకో చెబుతాం, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు జరిగిందేమిటో చూద్దాం. మన కంప్యూటర్‌కి రెండు తెరలు. బల్ల మీద మాస్టారికి చిన్న మానిటర్, గోడకు పిల్లల కోసం పెద్ద టీవీ. రెండు తెరలున్నప్పుడు ఒకటి ప్రధాన తెరగా ఉండాలి. పైన గడియారం ఉండే పట్టీ, లోపలికి వెళ్లేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే పెట్టె దాని మీదికే వస్తాయి. మనకు అది బల్ల మీది మానిటరే. ఉగాదికి హాలుకు రంగులేయించినప్పుడు తీగలన్నీ పీకి, మళ్లీ పెట్టారు. పెట్టేటప్పుడు ఒకదాని చోట ఒకటి పెట్టారు. అంతే జరిగింది.

అప్పటినుంచి పాస్‌వర్డ్ పెట్టె గోడ మీది టీవీకి వెళ్లిపోయింది. మాస్టారు వచ్చేసరికి టీవీ ఆపి ఉంటుంది. రిమోట్‌తో ఆపినా చాలా టీవీలు కంప్యూటర్‌కి ఉన్నట్టే లెక్క. కాబట్టి పాస్‌వర్డ్ పెట్టె వెలగని టీవీలో, మాస్టారేమో ఖాళీ మానిటర్ ముందు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. బజారులో ఒక షాపువాళ్లకు చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారు. మేమూ నమ్మాం. కంప్యూటర్‌కి మాత్రం ఏమీ కాలేదు.

ఇలా ఎందుకయిందో తెలిస్తే సగం భయం పోతుంది. మన ఉబుంటులో తెరల అమరికను ఒక చిన్న ఫైలులో రాసి పెట్టుకుంటుంది. ఏ సాకెట్‌కు ఏ కంపెనీ, ఏ నమూనా తెర తగిలించి ఉందో, అందులో ప్రధానమేదో రాసుకుంటుంది. తీగలు మారితే ఆ రాసుకున్నదానితో ఇప్పుడున్నది సరిపోదు. సరిపోకపోతే పాత అమరికను పక్కనపెట్టి, తనకు తోచిన తెరను ప్రధానం చేసుకుంటుంది. అది మరిచిపోయింది కాదు, మనం ఇల్లు మార్చి చెప్పలేదు.

సరిచేయడానికి పావుగంట పట్టింది. ముందు టీవీ తీగ పీకేశాం. తెర ఒక్కటే మిగిలేసరికి పాస్‌వర్డ్ పెట్టె తనంతట తానే మానిటర్ మీదికి వచ్చింది. లోపలికి వెళ్లి తీగ మళ్లీ పెట్టాం. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరిచి, రెండు తెరలూ కలిపి వాడే పద్ధతి ఎంచుకుని, ప్రధాన తెరగా మానిటర్‌ని పెట్టి, అప్లై నొక్కాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్పు ఉంచమంటారా అని అది అడుగుతుంది. 20 సెకన్లలో ఉంచమని నొక్కకపోతే పాత స్థితికే వెళ్లిపోతుంది. అంతకుముందు ఒకాయన అంతా సరిగ్గా చేసి, అది నొక్కకుండా కుర్చీలు సర్దడానికి వెళ్లారట. తిరిగొచ్చేసరికి మళ్లీ మొదటికే.

మర్నాడు ఇంకో చిక్కు. లోపలికి వెళ్లాక అంతా బాగుంది గానీ, పాస్‌వర్డ్ పెట్టె మళ్లీ టీవీలోనే. పాస్‌వర్డ్ అడిగే తెర మన పేరుతో నడవదు, దానికి వేరే ఖాతా ఉంటుంది. మన అమరిక దానికి తెలియదు. మన ఫైలు నకలు ఒకటి దాని ఫోల్డర్‌లో కూడా పెడితే కుదిరింది. ఇది మాత్రం తెలిసినవాళ్లు పక్కనుండగా చేయాలి.

ఈలోగా వాట్సాప్‌లో ఒక సభ్యుడు ఇంకో చిట్కా పంపారు. టెర్మినల్‌లో ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డి, ఆర్ అని ఆరు అక్షరాలు కొట్టి, ప్రధాన తెర పేరు చెప్పాలని. ఆయన చెప్పింది తప్పు కాదు, పాత ఎక్స్ పద్ధతిలో పనిచేస్తుంది. కానీ 2021 నుంచి ఉబుంటు మామూలుగా వేలాండ్ అనే పద్ధతిలో నడుస్తోంది. అందులో ఆ ఆజ్ఞతో ప్రధాన తెర మారదు, సెట్టింగ్స్‌లోనే మార్చాలి. ఎక్స్‌లోనైనా ఆ ఆజ్ఞ బయటికి వచ్చేదాకానే. చిట్కా తీసుకునే ముందు మనది ఏ పద్ధతో చూసుకోవాలి.

ఇప్పుడు అసలు మాట. విండోస్ అయితే ఈ బాధ ఉండదు కదా అంటారు. తీగలు తారుమారైతే అక్కడా తెరలు తారుమారవుతాయి. ఒక మాట ఒప్పుకుంటాం. సంఘం లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది, ఆఫీసు గదిలోది అలాగే ఉండనివ్వండి. తరగతి కంప్యూటర్ సంగతి వేరు. అది పాత యంత్రం, విండోస్ 11 దాని మీద ఎక్కదు. విండోస్ 10కి కంపెనీ మామూలు సాయం 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అంటే విండోస్ కావాలంటే యంత్రమే కొనాలి. లైనక్స్‌తో అదే యంత్రం ఇంకా కొన్నేళ్లు పిల్లలకు పాఠం చెబుతుంది. ఆ డబ్బుతో ఎన్ని వాచకాలు వస్తాయో మీరే లెక్కేయండి. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటామా?

నిజం చెప్పాలంటే లోటు లైనక్స్‌లో లేదు, మనలో ఉంది. ఆ కంప్యూటర్‌ని అమర్చిన కుర్రాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. అతను ఉన్నంతకాలం "బాబూ, ఒకసారి చూడు" అంటే సరిపోయేది. ఒక్కరైనా పక్కన కూర్చుని నేర్చుకోలేదు, ఒక కాగితం మీద రాయించుకోలేదు. అతన్ని అనడానికి లేదు. మనం అడగలేదు. భజన మేళం దగ్గర్నుంచి పాత రిజిస్టర్ల దాకా మన సంఘంలో చాలా పనులు ఇలాగే ఒక్క మనిషి మీద నడుస్తున్నాయి. ఆ మనిషి ఊరు దాటితే పని ఆగిపోతుంది.

అందుకే మేము అడిగేది మూడే. ఒకటి, ప్రతి తీగకూ రెండు చివరలా తెలుగులో చీటీ అంటిద్దాం: ఇది మానిటర్, ఇది టీవీ. రెండు, పైన చెప్పిన పద్ధతిని ఒక పేజీలో తెలుగులో రాసి, కంప్యూటర్ పక్క గోడకు అంటిద్దాం. మూడు, ప్రతి ఏడూ ఇద్దరు కొత్తవాళ్లు ఈ పని నేర్చుకోవాలి. అందులో ఒకరు ఆ తరగతిలో చదివే పిల్లలే అయితే మరీ మంచిది.

ఆ కాగితం మేము రాయడం మొదలుపెట్టాం. వచ్చే ఆదివారం తరగతికి అరగంట ముందు రండి. తీగలు పీకి, అందరి ముందూ మళ్లీ పెడతాం. అది చూశాక కూడా కొత్తది కొనాలనిపిస్తే, అప్పుడు చర్చిద్దాం.